పుల్లటి పోగాచలు

మా బొరోకకి కెమిస్ట్రీ అంతా నోటికొచ్చు. వచ్చిన చిక్కల్లా అదే.

మర్నాడు పొద్దున సెగెద్ పట్నంలో పైస్థాయి కెమిస్ట్రీ నోటి పరీక్ష. ముందురోజు తెల్లారిన దగ్గర్నించీ ఆ పిల్ల మా పెరట్లో చెర్రీ చెట్టు చుట్టూ గానుగెద్దులా తిరుగుతూ, "ఊదారంగు పోతుంది, తెల్లటి అవక్షేపం అడుక్కి చేరుతుంది, ఘాటైన వాసన వస్తుంది" అని జపం చేస్తోంది. చెట్టునిండా కాయలు ఎర్రగా పండి ఉన్నాయి, పిట్టలు దర్జాగా తిని పోతున్నాయి. మా అమ్మ వంటింటి కిటికీలోంచి చూసి నిట్టూరుస్తోందే గానీ, మనవరాలు అక్కడ తిరుగుతున్నంతసేపూ చెట్టుకి నిచ్చెన వెయ్యనివ్వలేదు.

నేను బొరోకకి పిన్నిని, ఎతెల్కని. మకో ఊరి పోస్టాఫీసులో కౌంటర్ దగ్గర కూచుంటాను. నా నోటికి జనం జడుస్తారని ఊళ్ళో ఒక మాట ఉంది, అందులో అబద్ధం లేదు. బొరోక వాళ్ళమ్మ, అంటే మా అక్క, ఆస్ట్రియాలో ముసలివాళ్ళని చూసుకునే పనిలో ఉంది. రెండు వారాలు అక్కడ, రెండు వారాలు ఇక్కడ. పరీక్ష సరిగ్గా అక్కడి వారాల్లో వచ్చి పడింది. అందుకని నేను సెలవు పెట్టాను. పెట్టాక ఏం చెయ్యాలో తెలీలేదు. నాకొచ్చిన కెమిస్ట్రీ మొత్తం ఒక స్టాంపు వెనకాల రాసేయొచ్చు.

బొరోకకి ఫార్మసీ చదవాలని కోరిక. మామూలు కోరిక కాదు, పీకల్దాకా కోరిక. మే నెలలో రాత పరీక్ష అయింది. అందులో ఒక పెద్ద లెక్క చివరిదాకా చక్కగా చేసింది గానీ, మొదట్లోనే అంకె తప్పు దించుకుంది. లెక్క లెక్కంతా గంగలో కలిసింది. ఇక నోటి పరీక్షలో దాదాపు అన్ని మార్కులూ వస్తేనే సెగెద్‌లో సీటు, లేకపోతే ఏడాది ఆగాలి. "ఆగితే కొంపలేం మునిగిపోవులే" అని ఒకసారి అన్నాను. ఆ తర్వాత రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

ఇది పేరుకే నోటి పరీక్ష. పరాయి బళ్ళో, పరాయి టీచర్ల ముందు చీటీ తియ్యాలి. చీటీలో ఉన్న ప్రయోగం అక్కడికక్కడ చేతులతో చేసి, ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో చెప్పాలి. ఏమేం ప్రయోగాలు రావచ్చో ముందే చెప్పేస్తారు. కాబట్టి కష్టమేముంది అనుకున్నాను నేను.

పదింటికి సూప్ గిన్నెలో చీటీలు వేసుకుని పెరట్లోకి వెళ్ళాను.

"కూచో. తియ్యి. నేనే టీచర్ని."

"నువ్వా పిన్నీ? నీకు ఉప్పు ఫార్ములా వచ్చా?"

"ఉప్పు వెయ్యడం వచ్చు. తియ్యవే ముందు."

తీసింది. చూపు ఆకాశానికెత్తి, రైల్వే స్టేషన్లో అనౌన్సుమెంటు లాగా గడగడా చెప్పేసింది. ఇంకోటి తీసింది, అదీ అంతే. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ ఎక్కడా తడబడలేదు, నాకు గర్వంతో ఒళ్ళు పొంగింది. అయిదో చీటీయో ఆరో చీటీయో అయ్యాక ఊరికే అడిగాను.

"ఆ నీలం రంగు ఎలా ఉంటుందే? మన గేటు నీలమా, ఆకాశం నీలమా?"

చేతిలో చీటీ వెనక్కి తిప్పి చూసింది.

"వీడియోలో ఒకలా ఉంది. పుస్తకంలో ఇంకోలా ఉంది."

"నువ్వు చేసినప్పుడు ఎలా ఉంది?"

"నేనెప్పుడు చేశాను పిన్నీ?"

అప్పుడు బయటపడింది అసలు సంగతి. వాళ్ళ కెమిస్ట్రీ మాస్టారు చలికాలంలో ఉద్యోగం మానేసి ఏదో రంగుల కంపెనీకి పోయాడు. ఆయన జాగాలోకి ఎవరూ రాలేదు. ప్రయోగశాలకి తాళం పడింది. పరీక్ష రాసేవాళ్ళకి సెగెద్‌లో రెండు మధ్యాహ్నాలు నేర్పించారట, అక్కడ గుంపులో మోచేతుల బలం ఉన్నవాళ్ళు చేస్తే, మా పిల్ల వెనకాల నించుని భుజాల మీంచి చూసింది. పరీక్షనాళికని చేత్తో పట్టుకున్నది ఒక్కసారే, అదీ కడగడానికి.

"అయితే ఈత గురించి పుస్తకం చదివేసి రేపు మరోష్ నదిలో దూకుతానంటావు!"

"అరవకు పిన్నీ."

"అరవట్లేదు. ఇది నా మామూలు గొంతు. లే, వంటింట్లోకి పద."

మా అమ్మ విల్మా సంతకి వెళ్ళింది, అదే మాకు చిక్కిన సందు. అమ్మ వంటింట్లో తెల్లపొడులన్నీ ఒకేరకం గాజు సీసాల్లో ఉంటాయి. ఆవముద్ద కొన్నప్పుడల్లా సీసా ఖాళీ చేసి, పైన కాగితం నీళ్ళలో నానబెట్టి గీకి, తళతళలాడేలా కడిగి అలమారులో పెడుతుంది. ఉప్పు, వంటసోడా, నిమ్మ ఉప్పు, పంచదార పొడి, మొక్కజొన్న పిండి. దేనిమీదా పేరుండదు. "పేర్లెందుకు? నా పిల్లల పేర్లు వాళ్ళ నుదుటి మీద రాశానా?" అంటుంది. ఏది ఎక్కడుందో ఆవిడ చేతికి తెలుసు.

సీసాలన్నీ దించి బల్ల మీద పెట్టాం. బొరోక ఎర్ర క్యాబేజీ ముక్కలు ఉడికించి ఊదారంగు నీళ్ళు తీసింది. పుల్లటివి పడితే ఎర్రబడతాయట, సోడా లాంటివి పడితే నీలంగానో పచ్చగానో తిరుగుతాయట. ఇంకో పక్క వెనిగర్ సీసా. నేను తనని గోడవైపు తిప్పి, సీసాలు అటూ ఇటూ మార్చి, ఒక్కోదాంట్లోంచి కాస్త కాస్త పొడి చిన్న గ్లాసుల్లో వేశాను.

"ఇప్పుడు చెప్పు. ఇదేంటి?"

వంగి చూసింది. "మెత్తగా ఉంది. వంటసోడా. వెనిగర్ వేస్తే బుసబుసా పొంగుతుంది, బొగ్గుపులుసు వాయువు వస్తుంది."

వెనిగర్ సీసా ఇంకా నా చేతిలోనే ఉంది, మూత కూడా తియ్యలేదు. తీసి పోశాను. పొడి తడిసి ముద్దయింది. అంతే. బుస లేదు, గిస లేదు.

"చూశావా, పొంగింది," అంది బొరోక.

"ఏదీ?"

"కొంచెం పొంగింది పిన్నీ. అంచు దగ్గర."

నేను కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చూశాను. అంచు దగ్గర ఒక చీమ ఉంది. అది మొక్కజొన్న పిండి, ఏ సీసా ఏదో నేను గుర్తుపెట్టుకునే మార్చాను. ఆ మాట చెబితే, "మీ వెనిగర్ పాతదయ్యుంటుంది" అని మొహం ముడుచుకుంది. నాకేదో తేడాగా తోచింది. ఏమిటో నాకూ తెలీలేదు.

ఇంతలో గేటు చప్పుడయింది. అమ్మ వంటింట్లోకి పరాయివాళ్ళు దూరినా ఊరుకుంటుంది గానీ సీసాలు కదిపితే ఊరుకోదు. ఇద్దరం చేతికందినవి చేతికందినట్టు అలమారులోకి నెట్టేసి, బల్ల తుడిచేసి, నంగనాచుల్లా నించున్నాం.

"ఇద్దరూ బయటికి నడవండి," అంది అమ్మ సంచీ దించుతూ. "పోగాచలు కాల్చాలి." పోగాచలంటే మా వైపు ఉప్పు వేసి కాల్చే చిన్న గుండ్రటి రొట్టెలు.

"ఇప్పుడెవరికి అమ్మమ్మా?"

"ఎవరికేంటే! రేపు నీకు పరీక్ష పెట్టేవాళ్ళకి."

బొరోక మొహం పాలిపోయింది. "అమ్మమ్మా, పైస్థాయి పరీక్షలో అలాంటివి కుదరవు. అది మన బడి కాదు. వాళ్ళెవరో మనకి తెలీదు. తిండి పట్టుకెళ్తే లంచమంటారు, నన్ను బయటికి గెంటేస్తారు."

"పోగాచ లంచమా? మీ అమ్మ నోటి పరీక్షకి పెట్టాను, నీ పిన్ని పరీక్షకి పెట్టాను. ఈ పిన్నికి కెమిస్ట్రీలో ఏం వచ్చనుకున్నావు? గుడ్డిగుర్రం లాగా వెళ్ళింది. అయినా పాసయింది. కడుపు నిండినవాడు ఎవడూ ఎవర్నీ ఫెయిలు చెయ్యడు."

అందులో నేను కాదనడానికి ఏమీ లేదు. అమ్మ పిండి కలిపింది, వెన్న వేసింది, పందికొవ్వు వేసింది, పులియబెట్టింది, మడతలు పెట్టి ఒత్తింది, గుండ్రంగా కోసి, పైన కత్తితో గళ్ళు గీసి, గుడ్డుసొన పూసి పొయ్యిలోకి తోసింది. ఇల్లంతా కమ్మటి వాసన. బొరోక మళ్ళీ చెట్టు చుట్టూ జపం మొదలెట్టింది.

మధ్యాహ్నానికి పక్కింటి గిజి అత్తయ్య వచ్చింది. ఆవిడ ముక్కు అలాంటిది, వీధి చివర కాల్చినా వాసన పట్టేస్తుంది. మేం నలుగురం చెర్రీ చెట్టు కింద బల్ల దగ్గర కూచున్నాం. అమ్మ పోగాచల పళ్ళెం మధ్యలో పెట్టి చేతులు కట్టుకుని నించుంది. వండినావిడ ముందుగా తినదు, పొగడ్త విన్నాకే తింటుంది. మా ఇళ్ళల్లో అదొక మర్యాద. తిన్నవాళ్ళు పొగడటం ఇంకో మర్యాద.

గిజి అత్తయ్య ఒకటి నోట్లో వేసుకుంది. దవడ ఆగింది. కళ్ళు రెండుసార్లు టపటపలాడాయి.

"అబ్బ, విల్మా వదినా! నీ చేతి పోగాచ ముందు ఎవరిదైనా దిగదుడుపే," అని గబగబా సోడా నీళ్ళు తాగేసింది.

నేనూ కొరికాను. పులుపు! మామూలు పులుపు కాదు, చెవుల వెనకాల నరాలు జివ్వుమన్నాయి. ఉప్పు జాడే లేదు. సీసాలు అటూ ఇటూ అయ్యాయని నాకు వెంటనే తెలిసింది. అమ్మ ఉప్పనుకుని నిమ్మ ఉప్పు గుమ్మరించింది. అమ్మ నాకేసి చూస్తోంది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుండగా, "బాగున్నాయమ్మా" అన్నాను. పోస్టాఫీసులో ఊరి మేయరునైనా కడిగేస్తాను గానీ, అమ్మ పళ్ళెం ముందు నా ధైర్యం చాలదు.

బొరోక చదువుకుంటూనే చెయ్యి చాపి ఒకటి తీసుకుంది.

"అద్భుతం అమ్మమ్మా. ఉప్పు సరిగ్గా సరిపోయింది," అంది.

పోగాచ ఇంకా దాని చేతిలోనే ఉంది.

ఆ తర్వాత కొరికింది. మొహం మొత్తం ఒక్క చోటికి ముడుచుకుపోయింది, పసిపిల్లకి మొదటిసారి నిమ్మచెక్క నాకించినట్టు. అయినా అమ్మకేసి చూసి తలూపుతూ, "అద్భుతం" అని ఇంకోసారి అంది.

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కోపం వచ్చింది. పొద్దున్నించీ తేడాగా తోచిందేమిటో అప్పుడు దొరికింది.

"బొరోకా! నువ్వు దాన్ని నోట్లో పెట్టుకోకముందే ఉప్పు సరిపోయిందన్నావు!"

"మర్యాదకి అన్నాను పిన్నీ, ఏమైందిప్పుడు?"

"పొద్దున నేను వెనిగర్ పొయ్యకముందే పొంగుతుందన్నావు. పోశాక, పొంగకపోయినా పొంగిందన్నావు. రేపు కూడా ఇంతే. నీ ముందు గ్లాసులో గుర్రం ఈదుతున్నా నువ్వు పుస్తకంలో రాసిందే చెప్తావు. ఆ టీచర్లకి కళ్ళు లేవనుకున్నావా?"

గొంతు కొంచెం పెరిగినట్టుంది. చెట్టు మీద పిట్టలు లేచిపోయాయి. గిజి అత్తయ్య తల దించుకుని, ఏం చెయ్యాలో తోచక, రెండో పోగాచ తీసుకుంది. పాపం.

బొరోక లేచి నించుంది.

"అయితే నన్నేం చెయ్యమంటావు? నాకు చూపించిందెవరు? నా దగ్గర ఉన్నదల్లా ఈ బట్టీయే. అది కూడా వదిలేస్తే నా చేతిలో ఏముంది? రేపు వాళ్ళ ముందు నించున్నప్పుడు అనుకున్నట్టు జరక్కపోతే నేనేం చెప్పాలి? ఏమీ జరగలేదని చెప్పాలా? ఫెయిలయ్యేవాళ్ళు చెప్పే మాట అది!"

అని ఏడ్చేసింది. పద్దెనిమిదేళ్ళ పిల్ల, ముక్కు చీదుకుంటూ, చేతిలో సగం కొరికిన పోగాచ. నా నోటిని నేనే తిట్టుకున్నాను. అంత భయం లోపల పెట్టుకుని చెట్టు చుట్టూ తిరుగుతోందని నాకు తెలీదు. తెలిస్తే ఇంకోలా చెప్పేదాన్నా అంటే, అదీ అనుమానమే.

అమ్మ ఇదంతా అర్థంకాక నించుంది. "ఇప్పుడు నా పోగాచలకేమైందే?"

బొరోక కళ్ళు తుడుచుకుంది. చేతిలో ఉన్నదాన్ని ఇంకోసారి కొరికింది, ఈసారి నెమ్మదిగా, కళ్ళు మూసుకుని.

"పుల్లగా ఉంది అమ్మమ్మా. చాలా పుల్లగా ఉంది. ఉప్పు అస్సలు లేదు. మెత్తగా పొరలు పొరలుగా చక్కగా వచ్చింది, కాలడం బాగా కాలింది. కానీ తినలేం."

మా చెర్రీ చెట్టు కింద అలాంటి మాట ఎవరూ ఎప్పుడూ అనలేదు. అమ్మ పళ్ళెంలోంచి ఒకటి తీసి కొరికింది. నమిలింది. మింగలేదు, రుమాల్లోకి తీసేసింది.

"గిజీ, నువ్వు రెండు తిన్నావు!"

"మూడోది తీసుకుందామనుకుంటున్నా వదినా," అంది గిజి అత్తయ్య. "నువ్వు చూస్తున్నావు కదా అని."

అమ్మ పగలబడి నవ్వింది. కుర్చీలో కూలబడి నవ్వింది. నవ్వడం అయ్యాక నావైపూ బొరోకవైపూ తిరిగి, "నా సీసాలు ముట్టుకుంది మీరేనా?" అంది. ఇద్దరం తలలూపాం.

"అయితే నాకు ఇప్పుడు నా చెయ్యి మీద నమ్మకం పోయింది. ఏది ఏమిటో తేల్చి పెట్టండి. నాలిక మీద వేసుకోవడానికి వీల్లేదు, బట్టల సోడా కూడా ఆ అలమారులోనే ఉంది."

బట్టల సోడా సంగతి నేను మర్చేపోయాను. బొరోక మాత్రం కళ్ళు పెద్దవి చేసి, "అవును, అది కూడా తెల్లగానే ఉంటుంది" అంది. అప్పటికి ఏడుపు పోయి మొహంలోకి ఇంకేదో వచ్చింది.

సాయంత్రందాకా ఇద్దరం ఆ బల్ల దగ్గరే ఉన్నాం. ఈసారి నేను ఒక షరతు పెట్టాను. ఏమవుతుందో చెప్పకూడదు, ఏమయిందో చెప్పాలి. పేరు చివర్న చెప్పాలి. నోరు ముందు పరుగెత్తినప్పుడల్లా చెంచాతో బల్ల మీద కొట్టాను. మొదట్లో వంటిల్లు కంసాలి కొట్టులా మోగింది.

"నీళ్ళలో కరుగు..." టంగు. "సరే, ఆగు. కరిగింది. మొత్తం కరిగింది. నీళ్ళు తేటగా ఉన్నాయి. ఊదా నీళ్ళు పోశాను. రంగు... రంగు మారలేదు పిన్నీ."

"మారలేదంటే?"

"ఏమీ కాలేదు."

"గట్టిగా చెప్పు."

"ఏమీ కాలేదు!" అని, తనకి తనే ఆశ్చర్యపోయినట్టు ఆగింది. "ఏమీ కాలేదు కాబట్టి ఇది పులుపూ కాదు, సోడా కూడా కాదు. అయితే ఉప్పో పంచదారో అయ్యుండాలి. చెంచాలో వేసి కాలుద్దాం."

కాల్చింది. గోధుమరంగుకి తిరిగింది, కమ్మటి వాసన వచ్చింది, చెంచా మాడింది. మా అమ్మ వెండి చెంచాల్లో ఒకటి నల్లబడింది. ఇంకో పొడి మీద వెనిగర్ పోస్తే బుస్సున పొంగి గ్లాసు దాటి బల్లమీదికి కారింది. వీడియోలో ఎన్నిసార్లు చూసి ఉంటుందో, అయినా మా పిల్ల చప్పట్లు కొట్టింది. వంటసోడాకి క్యాబేజీ నీళ్ళు నీలంగా మారాయి, బట్టల సోడాకి ఆకుపచ్చగా. పక్కపక్కన పెట్టి కిటికీ వెలుగులో ఎంతసేపు చూసిందో. "మన గేటు నీలం కాదు పిన్నీ, ఆకాశం కూడా కాదు. నీ పోస్టాఫీసు యూనిఫాం పాతబడితే వచ్చే నీలం," అంది. నాకు కొంచెం కోపం వచ్చింది గానీ, మాట నిజమే.

అమ్మ ఆ పోగాచలన్నీ గిజి అత్తయ్య కోళ్ళకి వేసింది. కోళ్ళు మర్యాద పాటించలేదు, ఒకసారి పొడిచి వదిలేశాయి.

మర్నాడు పొద్దున గుమ్మంలో అమ్మ బొరోక తెల్ల చొక్కా కాలరు సర్ది, "చేతులు విరగాలి, కాళ్ళు విరగాలి" అని దీవించింది. పరీక్షకెళ్ళేవాళ్ళకి మంచి జరగాలని నోరారా అంటే దిష్టి తగులుతుందని ఇక్కడ అందరూ అలాగే అంటారు. బస్సులో బొరోక పుస్తకం తెరవలేదు. తెల్లకోటు ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి ఉల్లి తోటలు చూస్తూ కూచుంది. నేను మాత్రం దారిపొడుగునా గోళ్ళు కొరికాను.

ఆ బడి ఎర్ర ఇటుకల పాత భవనం. పిల్లల్ని లోపలికి పిలిచారు, నేను ముంగిట్లో లిండెన్ చెట్టు కింద బెంచీ మీద కూచున్నాను. బయటికొచ్చేవాళ్ళ మొహాలు చూస్తే ఏమీ తెలియడం లేదు, అందరూ ఒకేలా పాలిపోయి ఉన్నారు. బొరోక వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. వచ్చి నా పక్కన కూలబడింది.

"ఏం వచ్చింది?"

"హైడ్రోజన్ పెరాక్సైడ్. దాంట్లో నల్లపొడి వెయ్యాలి. బుడగలు బాగా వస్తాయి, అది ఆక్సిజన్. ఆరబోతున్న పుల్లని, కొసన నిప్పు కణికతో, లోపల పెడితే మళ్ళీ భగ్గుమని వెలగాలి."

"మనం అది చెయ్యలేదే!"

"చెయ్యలేదు."

"వెలిగిందా?"

"ఆరిపోయింది పిన్నీ."

కొరుక్కుందామంటే నాకు గోళ్ళు మిగల్లేదు.

"నల్లపొడి వేశాను. బుడగలు వచ్చాయి గానీ ఏవో నాలుగు, సోడా తాగి వదిలేసిన గ్లాసులో ఉన్నట్టు. పుల్ల పెట్టాను, తుస్సుమని ఆరిపోయింది. ముగ్గురు టీచర్లు చూస్తున్నారు. మధ్యలో ఉన్నావిడ పెద్ద టీచరు, సెండ్రేయిగారు. మెడలో గొలుసుకి కళ్ళద్దాలు, మొహంలో నవ్వు లేదు. 'ఏం చూశావు?' అంది. నా నోట్లో 'వెలిగింది' అనే మాట అప్పటికే వచ్చేసింది పిన్నీ. పెదాల దాకా వచ్చేసింది. నాలిక కొరుక్కున్నాను. 'ఆరిపోయింది' అన్నాను."

"అంటే?"

"'సరిగ్గా చూడమ్మా, వెలిగిందేమో' అందావిడ. పుస్తకం ప్రకారం చెప్పమని దారి చూపిస్తోందేమో అనిపించింది. మళ్ళీ పుల్ల అంటించి, ఆర్పి, కణిక ఉండగా పెట్టాను. మళ్ళీ ఆరిపోయింది. 'లేదు టీచర్‌గారూ, వెలగలేదు. వెలగాలని నాకు తెలుసు. కానీ నేను చూసింది ఆరిపోవడమే' అన్నాను."

"తిట్టిందా?"

"మరి ఎందుకు వెలగలేదని అడిగింది. అప్పుడు ఆలోచించాను. బట్టీలో లేదు కదా, ఆలోచించక తప్పలేదు. బుడగలు కొంచెమైనా వచ్చాయి కాబట్టి పొడి మంచిదే అయ్యుండాలి. పెరాక్సైడ్ సీసాలో ఊరికే ఉన్నా నెమ్మదిగా నీళ్ళైపోతుంది. ఈ సీసా పాతదేమో, కొత్తది ఇస్తే మళ్ళీ చేస్తానన్నాను. ముగ్గురూ మొహామొహాలు చూసుకున్నారు. ఒకాయన లేచి లోపల్నించి కొత్త సీసా తెచ్చాడు."

"ఆ?"

"ఎంత బాగా వెలిగిందో పిన్నీ!" అంది. కళ్ళు మెరిశాయి. "పుల్ల కొస చిన్నగా ఎర్రగా ఉందా, లోపల పెట్టగానే తెల్లటి మంట, టప్పుమని చప్పుడు కూడా వచ్చింది. చప్పుడు వస్తుందని ఏ వీడియోలోనూ తెలీలేదు. నేను 'అబ్బా' అని అరిచేశాను. సెండ్రేయిగారు అప్పుడు నవ్వింది."

మధ్యాహ్నం అందర్నీ మళ్ళీ లోపలికి పిలిచి మార్కులు చదివారు. నేను బయటే ఉన్నాను. లోపల కూచోనివ్వలేదని కాదు, నా కాళ్ళు రానన్నాయి. బొరోక మెట్లు దిగుతూ పరుగెత్తుకొచ్చి నా మెడ చుట్టూ చేతులు వేసింది. ప్రయోగానికి నిండా మార్కులు. మొత్తం మీద నోటి పరీక్షలో పోయింది ఒకే ఒక్క మార్కు, అది కూడా జాగ్రత్తలకి పెట్టే మార్కుల్లో, తను కొత్త పెరాక్సైడ్ సంతోషంలో చేతి తొడుగులు తీసెయ్యడం మర్చిపోయి వాటితోనే జుట్టు సర్దుకున్నందుకట. రాత పరీక్షవీ కలిపితే, పోయినేడు ఆఖరి సీటు వచ్చినవాళ్ళ మార్కులకన్నా దానివి కాస్త ఎక్కువే. జూలైలో పేర్లు వచ్చేదాకా ఖాయం కాదు గానీ, ఖాయమే.

బస్టాండులో ఇద్దరం నూనెలో వేయించిన లాంగోష్ రొట్టె ఒకటి కొనుక్కుని, నూనె చేతులతో, తలా ఒక వైపు నించి తిన్నాం. నేను మాట్లాడుతూనే ఉన్నాను. హాస్టలు ఎక్కడుంటుంది, దుప్పట్లు ఏవి కట్టాలి, సెగెద్ చలికాలంలో నదిమీంచి గాలి ఎలా వీస్తుంది, వారం వారం ఇంటికొచ్చేటప్పుడు మాసిన బట్టలు మొయ్యొద్దు, అక్కడే ఉతుక్కో, అని. నోరు ఆగడం లేదు. ఆపితే ఏమవుతుందో అని నాకే భయంగా ఉంది.

బొరోక తినడం ఆపి నాకేసి చూసింది. నిన్న సాయంత్రం కిటికీ దగ్గర గ్లాసుల్ని చూసినట్టే చూసింది.

"పిన్నీ, నేను వెళ్ళిపోతే నీకు బాధగా ఉంటుందా?"

జవాబు తయారుగానే ఉంది. బాధా? బాత్రూం ఖాళీ అవుతుంది, మీ అమ్మమ్మా నేనూ పండగ చేసుకుంటాం. మా అక్క ఆస్ట్రియా బస్సెక్కిన ప్రతిసారీ, ఈ పిల్ల గేటు దగ్గర నించుని ఏడ్చిన ప్రతిసారీ, నేను ఇలాంటి మాటే ఏదో ఒకటి విసిరి నవ్వించాను. ఇంతకాలం మా ఇంట్లో అదే నా ఉద్యోగం. నోరు తెరిచాను కూడా.

ఆ పిల్ల ఊరికే చూస్తోంది. తొందరపెట్టడం లేదు.

"ఉంటుందే," అన్నాను. "ఇప్పట్నించే ఉంది."